జేబులోని పాటల పెట్టె – మన ప్రాంతపు గొంతుకలు

చెవులలో తీగలు తగిలించుకొని, బస్సులో గాని కళాశాల ఆవరణలో గాని తనలో తాను తల ఊపుకొంటూ కూర్చున్న విద్యార్థిని చూస్తే పెద్దలకు మొదట కలిగేది చిరాకు. "పిలిస్తే పలకడు" అన్న ఫిర్యాదు ఇంటింటా వినిపిస్తున్నది. ఇందులో నిజం లేకపోలేదు. అయితే నా ఫిర్యాదు వేరు. మన యువకులు ఆ యంత్రాన్ని సగమే వాడుతున్నారు. పాటలు వినిపించే ఆ చిన్న పెట్టెకే మాటను పట్టి ఉంచే శక్తి, పట్టిన మాటను దేశాంతరాలకు పంపే శక్తి కూడా ఉన్నవి. ఆ రెండవ సగాన్ని గురించి, దానితో బయ్యారం పరిసరాలలో జరగవలసిన పనిని గురించి విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు నా అభిప్రాయం ఉంచదలచాను. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి యంత్రాలతో ఏమి పని అని సహాధ్యాపకులు నన్ను ఎగతాళి చేస్తూ ఉంటారు. యంత్రాలను విప్పి చూచి మళ్ళీ బిగించడం నాకు చిన్ననాటి నుండి ఉన్న వ్యసనం. మా ఇంటిలో రేడియో మూత సక్రమంగా బిగిసి ఉన్న రోజులు తక్కువ.

జేబులో ఇమిడే సంగీతానికి చరిత్ర ఎక్కువ లేదు. హాలెండు దేశపు ఫిలిప్స్ సంస్థలో లూ ఓటెన్స్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో తయారైన చిన్న క్యాసెట్టు 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో వెలుగు చూచినది. ఆ క్యాసెట్టులోని టేపు మీద పూత ఏమిటో మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? ఇనుము ఆమ్లజనితో కలిసి ఏర్పడే ఫెర్రిక్ ఆక్సైడు. బయ్యారం గుట్టల ఎర్రని ఇనుప ఖనిజంలో ఉన్నదీ ప్రధానంగా అదే. స్ఫటిక నిర్మాణంలో మాత్రం భేదం. (ఆ ఖనిజాన్ని నమ్ముకొని ఇక్కడ ఉక్కు కర్మాగారం వస్తుందని మన తండ్రుల తరం ఎదురుచూచినది. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలోని 13వ షెడ్యూలు అప్పటి ఖమ్మం జిల్లాలో అట్టి కర్మాగారపు సాధ్యాసాధ్యాలను పరిశీలించవలసినదిగా చెప్పినది. 2016లో మన మండలం మహబూబాబాదు జిల్లాలో చేరినది గాని కర్మాగారం మాత్రం రాలేదు. ఆ ప్రసంగం ఇక్కడ అప్రస్తుతం.)

1979 జూలైలో జపానులో సోనీ వారు వాక్‌మన్‌ను విడుదల చేశారు. ఈ యంత్రం పుట్టుక గమనింపదగినది. అంతకు ముందే ఆ సంస్థ పత్రికా విలేఖరుల కోసం ప్రెస్‌మన్ అనే చిన్న టేపు రికార్డరును అమ్ముతూ ఉండేది. దానిలో నుండి రికార్డు చేసే భాగాన్ని తొలగించి, ఆ చోట స్టీరియో వినిపించే ఏర్పాటు పెట్టి వాక్‌మన్‌ను తయారు చేశారు. అనగా మాట పట్టగల యంత్రం నుండి ఆ శక్తిని తీసివేసిన తరువాతనే లోకం దానికోసం ఎగబడినది. వ్యాపార దృష్టిలో అది గొప్ప విజయమే. శ్రోతకు మాత్రం ఆనాటి నుండి వినడమే పని అయిపోయినది.

మన తెలంగాణలో మాత్రం ఆ రోజులలోనే మరొక విధమైన వాడకం సాగినది. గల్ఫు దేశాలకు కూలికి పోయినవారు సెలవులకు వస్తూ తెచ్చిన టూ ఇన్ వన్‌లకు ఎర్ర చుక్క గల రికార్డు మీట ఒకటి ఉండేది. హైదరాబాదు పాతబస్తీలోను, కరీంనగరం, నిజామాబాదు జిల్లాలలోను చదువురాని ఇల్లాళ్ళకు ఆ మీట ఒక కలం వంటిది. ఉత్తరం రాయించుకోవడానికి మరొకరి ఇంటికి పోవలసిన అవసరం లేకుండా, క్యాసెట్టులో మాటలు నింపి, ఆ ఊరికి పోయే మనిషి చేతికిచ్చి పంపేవారు. మా మామూ జిద్దాలో ఉన్న రోజులలో మా నానీ పంపిన క్యాసెట్లు, ఆయన తిరుగు టపాగా పంపినవి, పదకొండు మా ఇంటి ట్రంకు పెట్టెలో మిగిలి ఉన్నవి. నాలుగేళ్ళ క్రితం నేను వాటిని కంప్యూటరులోకి ఎక్కించాను. పాత టేపు రికార్డరు చెవి రంధ్రం నుండి కంప్యూటరుకు ఒక తీగ, దానికి తోడు చాలినంత ఓపిక. అంతకంటె వేరే సామగ్రి అక్కరలేదు. రెండింటికి బూజు పట్టినది. ఒకదాని టేపు మడత పడితే దానిని పెన్సిలుతో తిప్పి సరిచేయవలసి వచ్చినది. తక్కిన వాటిలో నానీ గొంతు నిన్న మొన్న మాట్లాడినట్లే ఉన్నది. "ఖానా టైంపో ఖారా క్యా నై?" అని కొడుకును అడుగుతుంది. వెనుక కోడి అరుస్తుంది, ఎవరో బోరింగు కొడతారు. ఒకచోట ఏమి చెప్పాలో తోచక ఆమె ఊరకుండిపోతుంది. టేపు తిరుగుతూనే ఉంటుంది. ఉర్దూ గాని తెలుగు గాని చదవడం రాని మనిషి ఆమె. ఆమె రాసిన పుస్తకాలు ఏవైనా ఉంటే అవి ఈ క్యాసెట్లే.

తరువాతి కథ మీకు తెలిసినదే గనుక త్వరగా ముగిస్తాను. జర్మనీ శాస్త్రజ్ఞులు రూపొందించిన ఎం.పి.త్రీ పద్ధతి మనిషి చెవి బలహీనతను ఆధారం చేసుకొన్నది. బలమైన ధ్వని పక్కన ఉన్న మందమైన ధ్వని చెవికి అందదు. కాబట్టి దానిని వదలివేస్తే నష్టం లేదు. ఈ ఉపాయంతో పాట పరిమాణం పదవ వంతుకు, ఇంకా తక్కువకు దిగినది. 1998లో అమ్మకానికి వచ్చిన రియో అనే జేబు యంత్రంలో 32 మెగాబైట్లు, అనగా సుమారు అరగంట సంగీతం పట్టేది. 2001 అక్టోబరులో ఆపిల్ వారి ఐపాడ్ వచ్చినది. వెయ్యి పాటలు జేబులో అని దాని ప్రచారం. 2022లో దాని తయారీని ఆపివేశారు. ఈలోగా మన వైపు ఐపాడ్‌ను కంటితో చూచినవారే అరుదు. మనకు వచ్చినవి చైనా తయారీ పెట్టెలు, తరువాత ఫోనులో పెట్టే మెమరీ కార్డులు. ఊరి కూడలిలోని సెల్ దుకాణంలో ముప్పయ్యో నలభయ్యో ఇచ్చి కార్డు నిండా పాటలు ఎక్కించుకొనేవాళ్ళం. దుకాణదారుకు ఏవి ఇష్టమో మండలమంతా అవే వినేది!

ఇక పాడ్‌కాస్టు సంగతి. ఐపాడ్ అనే పేరులోని సగాన్ని, ప్రసారమనే అర్థం గల ఇంగ్లీషు మాటలోని సగాన్ని అతికించి 2004లో బెన్ హామర్‌స్లీ అనే ఇంగ్లండు విలేఖరి గార్డియన్ పత్రికలో ఈ మాటను వాడాడు. అసలు ఉపాయం అంతకు ముందే ఉన్నది. వెబ్‌సైట్లలో కొత్తగా ఏమి చేరినదో తెలిపే పట్టికకు ఆర్.ఎస్.ఎస్. అని పేరు. డేవ్ వైనర్ అనే అమెరికా దేశస్థుడు ఆ పట్టికలో శబ్దపు ఫైలును కూడా జతచేసే ఏర్పాటును 2000 చివరలో కల్పించాడు. 2004లో ఆడమ్ కర్రీ అనే మాజీ టెలివిజన్ వ్యాఖ్యాత మరికొందరితో కలిసి, ఆ పట్టికను చూచి కొత్త ఫైలును తనంతట తాను తెచ్చి ఐపాడ్‌లో పెట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. పేపరు కుర్రవాడు తెల్లవారుజామున గుమ్మంలో పత్రిక వేసిపోయినట్లు, ఇక్కడ శబ్ద పత్రిక మన జేబులోనే వచ్చి పడుతుంది. రేడియో నిలయం అక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు, నిర్ణీత సమయానికి శ్రోత రేడియో ముందు కూర్చోనక్కరలేదు. నోరు ఉన్న ప్రతివాడికి ఒక నిలయం దొరికినట్లే. 2016 సెప్టెంబరులో జియో రావడంతో మన దేశంలో డేటా ధర పడిపోయి, ఈ సౌకర్యం తండాల దాకా వచ్చినది.

తెలుగువారు దీనిని అందిపుచ్చుకోలేదని అనలేము. అమెరికాలో ఉంటూ "కౌముది" పత్రికను నడిపే కిరణ్‌ప్రభ గారు సాహిత్య, చలనచిత్ర ప్రముఖుల జీవితాలపై చేసిన దీర్ఘ ప్రసంగాలకు దేశ విదేశాలలో శ్రోతలున్నారు. "హర్షణీయం" కథలను వినిపిస్తున్నది, రచయితలతోను అనువాదకులతోను సంభాషణలు జరుపుతున్నది. "దాసుభాషితం" తెలుగు పుస్తకాలను చదివి వినిపించే పని చేపట్టినది. ఇవి అభినందనీయమైన కృషి అనడంలో సందేహం లేదు. నా తరగతిలో వీటిని వినమని తరచు చెబుతూ ఉంటాను. అయినా ఒక్క మాట అనక తప్పదు. వీటిలో వినిపించేది అధికంగా చదువుకొన్నవారి తెలుగు, అచ్చులో ఉన్నదానికి గొంతు ఇవ్వడం. అచ్చుకు ఎన్నడూ ఎక్కనిదాని మాట ఏమిటి? పుస్తకం ఉన్న పాటకు పాడ్‌కాస్టు ఒక అలంకారం. పుస్తకం లేని పాటకు అది ప్రాణావసరం.

మన ప్రాంతాన్ని ఈ దృష్టితో చూడండి. బయ్యారం సంతలో ఒక గంట నిలబడితే తెలుగు, కోయ, లంబాడీ, దక్కనీ ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. వీటిలో కోయకు, లంబాడీకి జనసామాన్యంలో వాడుకలో ఉన్న సొంత లిపి లేదు. ప్రాథమిక తరగతులకు తెలుగు లిపిలో వాచకాలు తయారైన మాట నిజమే గాని, ఆ భాషల సాహిత్యమంతా ఇప్పటికీ నోటిలోనే ఉన్నది. దక్కనీకి ఉర్దూ లిపి ఉన్నా, మన ఇండ్లలో మాట్లాడే యాసను ఆ లిపిలో రాసేవారు తక్కువ. పెళ్ళిళ్ళలో మన స్త్రీలు పాడే ఢోలక్ కే గీత్ ఎన్నింటికి పుస్తకాలున్నవి? ఒకప్పుడు బీజాపూరు సూఫీలు తిరుగలి పాటల బాణీలో చక్కీనామాలు రచించారు. అవి కాగితం మీదికి ఎక్కినవి గనుకనే నేడు పరిశోధకులకు దొరికినవి. తెలుగులో సైతం, పీర్ల పండుగనాడు అలావా చుట్టూ హిందువులు, ముస్లిములు కలిసి పాడే అసోయ్‌దూలా పాటలు పాడేవారితోనే పోతున్నవి.

మన ఊరి వారికి మాటను పదిలపరచడం కొత్త విద్య కాదు. గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో బయ్యారం చెరువును తవ్వించి, కాకతీయుల వంశక్రమాన్ని శాసనంగా చెక్కించినది. కాకతీయుల పూర్వికుల పేర్లు చరిత్రకారులకు తెలియడంలో ఆ శాసనానికి పెద్ద పాత్ర ఉన్నది. రాణివాసపు స్త్రీకి రాయి, చెక్కేవాడు దొరికారు. అదే చెరువు కింద నాట్లు వేసిన స్త్రీలు ఏమి పాడుకొన్నారో చెప్పే రాయి ఎక్కడా లేదు.

సకిని రామచంద్రయ్య గారి సంగతి విద్యార్థులకు తెలియాలి. మనకు పొరుగున ఉన్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కళాకారుడు. కోయల వంశ చరిత్రలను, సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోను తెలుగులోను గానం చేసేవారు. 2022లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించినది. 2024 జూన్‌లో మరణించారు. పద్మశ్రీ వచ్చిన తరువాత ఆయన దగ్గరకు కెమెరాలు వెళ్ళినవి. ఆ స్థాయి గుర్తింపు రాని పాటకులు మన గూడేలలో ఎందరున్నారో, వారి దగ్గరకు ఫోనులు జేబులో పెట్టుకొని తిరిగే మన విద్యార్థులే వెళ్ళవలసి ఉన్నది.

ఇది సామాన్యులకు సాధ్యమా అని అడిగేవారికి జహీరాబాదు ప్రాంతపు సంగం రేడియోను చూపుతాను. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని దళిత స్త్రీలు, వ్యవసాయ కూలీలు, మాచనూరు గ్రామంలో దానిని నడిపారు. 1995లో సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకొనే అనుమతి 2006 దాకా రాలేదు. యునెస్కో సాయంతో యంత్రాలు, భవనం అంతకు చాలా ముందే సిద్ధమైనవి. అనుమతి కోసం చేతులు ముడుచుకొని కూర్చోకుండా ఆ స్త్రీలు విత్తనాల మీద, పండుగల మీద, వైద్యం మీద కార్యక్రమాలు టేపుల మీద రికార్డు చేసి, ఊరూరా సంఘం సమావేశాలలో వినిపించారు. 2008 అక్టోబరు 15న వారి గొంతు గాలిలోకి వెళ్ళినది. క్యాసెట్టును చేత పట్టుకొని శ్రోత దగ్గరకు పోవడమే పాడ్‌కాస్టు కాకపోతే మరేమిటి? ఆ పేరు పుట్టక మునుపే మన రాష్ట్రంలో దానిని చేసి చూపిన వారు అక్షరాస్యత లేని స్త్రీలు.

అంతకు పూర్వపు దృష్టాంతం హైదరాబాదులోనే ఉన్నది. అక్కడ రేడియో 1933లో మహబూబ్ అలీ అనే వ్యక్తి నెలకొల్పిన 200 వాట్ల యంత్రంతో మొదలైనది. 1935లో నిజాం ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొన్నది. దక్కన్ రేడియోగా పేరు పొంది 1950లో ఆకాశవాణిలో కలిసినది. మన ఇండ్లలో పెద్దలు చెవి కోసుకొన్న "నైరంగ్" ఉర్దూ కార్యక్రమం ఆ హైదరాబాదు కేంద్రం నుండి వచ్చినదే. అందుచేత ఒకరి అభిరుచిని "కాలక్షేపం" అని తీసిపారవేయడం తగదని కమిటీ పెద్దలకు మనవి.

అయితే మీట నొక్కడమే సర్వస్వం అనుకోకూడదు. గత సంవత్సరం ఒక తండాకు పోయి, డెబ్బయి ఏండ్లు దాటిన ఒక యాడీని పాట పాడమని అడిగాను. ఫోను మీద జేబురుమాలు కప్పి (గాలి చప్పుడు తగ్గడానికి ఇంతకంటె చవకైన ఉపాయం లేదు), మేకలను అవతలికి తోలించి, అంతా సిద్ధం చేసిన తరువాత ఆమె అడిగినది: "నా గొంతు ఏడికి పోతది సారూ? నేను సచ్చినంక గూడ ఉంటదా?" ఉంటుందని చెప్పాను. "ఎవలెవలు ఇంటరు?" ఎవరైనా వినవచ్చునని చెప్పాను. చాలాసేపు ఆలోచించి తీజ్ పండుగ పాటలు రెండు పాడినది. పెండ్లికూతురు పుట్టింటిని విడిచేటప్పుడు పాడే ఢావ్‌లో అనే విలాపగీతం కూడా పాడమంటే, ఖచ్చితంగా నిరాకరించినది. బిడ్డ పోతున్నప్పుడు తప్ప ఆ పాట నోటికి రాకూడదట. నేను మళ్ళీ అడగలేదు. గొంతు ఆమెది, ఏది ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో ఆమెకే తెలుసు. సేకరణ పేరుతో గూడేలకు వెళ్ళేవారు ఈ నిరాకరణను కూడా పుస్తకంలో రాసుకొని రావాలి.

మరొక ప్రమాదం భద్రపరచడానికి సంబంధించినది. మా విద్యార్థి ఒకడు తన నాయనమ్మ చెప్పిన కథలను ఎంతో శ్రమపడి ఫోనులో పట్టాడు. ఫోను బాగుచేయించుకొన్న చోట దానిని ఖాళీ చేసి ఇచ్చారు. ఆ లోగా నాయనమ్మ లేదు. "యూట్యూబులో పెడితే సరిపోదా?" అని కొందరంటారు. పెట్టవచ్చును, కాని అది ఒక్కటే చాలదు. కంపెనీల దుకాణాలు వాటి లాభనష్టాలను బట్టి తెరుచుకొంటాయి, మూతపడతాయి. గూగుల్ వంటి సంస్థ నడిపిన పాడ్‌కాస్టు యాప్‌ను సైతం 2024లో మూసివేశారు. ఫైలు మన దగ్గర, ఆర్.ఎస్.ఎస్. పట్టిక మన పేరిట ఉంటే, ఏ దుకాణం మూతపడినా మరొక దుకాణం ద్వారా శ్రోత దగ్గరకు పోవచ్చును. పాడ్‌కాస్టు పద్ధతిలోని అసలు బలం ఈ స్వాతంత్ర్యమే. దానిని ఒకే యాప్‌లో బంధించడం నాకు సమ్మతం కాదు.

చెవుల ఆరోగ్యం గురించి తల్లిదండ్రులు పడే ఆందోళన న్యాయమైనదే. 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ధ్వని పెరిగిన కొద్దీ ఆ గంటలు త్వరగా తగ్గిపోతాయి. ఈ సంగతి చెబితే మా తరగతిలో అందరూ తల ఊపుతారు. కొందరు మాత్రం తీగలు తీయకుండానే ఊపుతారు.

కమిటీ వారిని నేను కోరేది పెద్ద ఖర్చు కాదు. గ్రంథాలయం పక్కన పాత కుర్చీలు పడవేసిన చిన్న గది ఒకటి ఉన్నది. దానిని శుభ్రపరచి, గోడలకు పాత బొంతలు వేలాడదీస్తే ప్రతిధ్వని పోతుంది. మంచి మైకులు రెండు కావాలి. సేకరించినదంతా రెండు హార్డ్ డిస్కులలో ఉంచి, ఒకటి కళాశాలలో, రెండవది వేరొక భవనంలో భద్రపరచాలి. మాట్లాడే గొంతును గంటసేపు పట్టడానికి సుమారు 29 మెగాబైట్లు చాలు. గోలీసోడా ఖరీదుకు కాకపోయినా ఒక మంచి చొక్కా ఖరీదుకు దొరికే 32 గిగాబైట్ల కార్డులో వెయ్యి గంటలకు పైగా పడుతుంది. కాబట్టి చోటు లేదనే వాదం నిలువదు. వీటితోపాటు ఒక లావుపాటి రిజిస్టరు ఉండాలి: పాడినవారి ఊరు, భాష, తేదీ, ఎవరికి వినిపించడానికి ఒప్పుకొన్నారు, దేనికి ఒప్పుకోలేదు అనే వివరాలు, సంతకమో వేలిముద్రో. ఆ ఒప్పందాన్ని వారి భాషలోనే చదివి వినిపించాలి. నెలకు ఒక శ్రవ్య సంచిక చొప్పున విడుదల చేస్తే, ఈ వార్షిక సంచిక మీ చేతికి వచ్చే లోపల పన్నెండు అవుతాయి. పాడిన వారికి ఫోను ఉంటే దానిలోనే ఒక ప్రతి పెట్టి ఇవ్వాలి. లేనివారికి వారి మనుమల ఫోనులో.

ఉర్దూ శాఖ వారు ఢోలక్ గీతాల పని తీసుకొంటామని మాట ఇచ్చారు. కోయ, లంబాడీ ఇంటి భాషగా గల విద్యార్థులు ముందుకు వస్తే తప్ప ఆ భాషల పని మొదలు కాదు. మాకు రాని భాషలో మేము అడిగే ప్రశ్నలు ఎట్లా ఉంటాయో మీరే ఊహించుకోవచ్చును. పేర్లు ఇవ్వదలచినవారు మంగళ, గురువారాలలో భోజన విరామ సమయంలో తెలుగు శాఖ గదిలో నన్ను కలువవచ్చును. ఫోనులో చార్జింగు ఉంచుకొని రండి.